సొంత సూపర్‌హీరోని తయారు చేసుకోవాలంటే ఏ గేమ్ మేలు? సిటీ ఆఫ్ హీరోస్, ఛాంపియన్స్, డీసీ

"అన్నా, మన హీరోని మనమే చేసుకుని నలుగురి మధ్య తిరగాలంటే ఏ గేమ్ బాగుంటాది" అని మా బరంపురం కుర్రాళ్ళు ఈమధ్య తెగ అడుగుతున్నారు, ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పే కంటే ఒకేసారి రాసేస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. పీసీలో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో చెప్పుకోదగ్గవి మూడు: సిటీ ఆఫ్ హీరోస్, ఛాంపియన్స్ ఆన్‌లైన్, డీసీ యూనివర్స్ ఆన్‌లైన్. మూడూ పైసా కట్టకుండా మొదలెట్టొచ్చు. నా ఓటు ముందే చెప్పేస్తా, సిటీ ఆఫ్ హీరోస్ కే. కానీ మిగతా రెండూ ఎవరికి నప్పుతాయో కూడా గట్టిగానే చెప్పగలను, ఎందుకంటే మా ఇంట్లో నేనొకటి, మా బావొకటి, మా మేనల్లుడొకటి ఆడతాం, కలిస్తే ఇదే గోల.

సిటీ ఆఫ్ హీరోస్ 2004 ఏప్రిల్‌లో వచ్చింది, చేసింది క్రిప్టిక్ స్టూడియోస్, పబ్లిష్ చేసింది ఎన్‌సీసాఫ్ట్. ఆ క్రిప్టిక్ వాళ్ళే తర్వాత మార్వెల్ హీరోలతో ఒక గేమ్ మొదలెట్టారు, అది 2008లో ఆగిపోయింది, దాంతో కాగితం పాచికలతో ఆడే ఛాంపియన్స్ అనే పాత ఆట హక్కులు తీసుకుని 2009 సెప్టెంబర్‌లో ఛాంపియన్స్ ఆన్‌లైన్ తెచ్చారు. అంటే ఆ రెండూ ఒక చోట పుట్టినవే, క్యారెక్టర్ తయారు చేసుకోడం మీద వాటికున్నంత శ్రద్ధ ఇంకెక్కడా కనబడదు. డీసీ 2011 జనవరిలో వచ్చింది, అది వేరే దారి.

ఇప్పుడు అసలు విషయం, క్యారెక్టర్. బయటి ఊళ్ళవాళ్ళకి తెలీదేమో, మా బరంపురంలో రెండేళ్ళకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి యాత్ర జరుగుతాది. అమ్మవారు మా తెలుగు నేతవాళ్ళ పెద్ద దేశీ బెహెరా ఇంటి ఆడపడుచని నమ్మకం, యాత్ర రోజుల్లో పుట్టింటికొచ్చినట్టు ఆ వీధికొచ్చి ఉంటుంది. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు, రాముడు కృష్ణుడు దగ్గర్నించి పులి దాకా, పులి వేషం కట్టినవాడు ఒళ్ళంతా పసుపు రంగు పూసి నల్ల చారలు గీయించుకుని డప్పులకి ఆడుతుంటే చిన్నపిల్లలు వెనకాల పరిగెడతారు. నా హీరో ఆ వీధిలోంచే వచ్చాడు. నేతగాడి కొడుకు, మొక్కు తీర్చకుండా మధ్యలో ఆపేశాడు, అప్పట్నించి ఒంటి మీద రంగు కడిగినా పోవట్లేదు, గోళ్ళు మాత్రం నిజంగానే మొలిచాయి. అంతే కథ, నాలుగు లైన్లు.

దీన్ని సిటీ ఆఫ్ హీరోస్‌లో కట్టడం ఎలాగుంటుందో చెప్తాను. మొదట ఆర్కిటైప్, అంటే హీరో పోరాడే తరహా, ఎంచుకోవాలి, గేమ్ వచ్చినప్పుడు ఐదు ఉండేవి, బ్లాస్టర్, కంట్రోలర్, డిఫెండర్, స్క్రాపర్, ట్యాంకర్, తర్వాత చాలా చేరాయి. దగ్గరకెళ్ళి కొట్టేవాడు స్క్రాపర్, కాబట్టి అది. ప్రైమరీ సెట్ క్లాజ్ (Claws), అంటే గోళ్ళు, సెకండరీ రీజెనరేషన్, దెబ్బ తగిలినా మళ్ళీ పూడిపోయేది. ఆరిజిన్, అంటే శక్తి ఎక్కణ్ణించి వచ్చిందని, ఇంకోటి అడుగుతాది, నేచురల్, మ్యాజిక్, సైన్స్, మ్యుటేషన్, టెక్నాలజీ అని ఐదు, ఇది అమ్మవారి మొక్కు కాబట్టి నేను మ్యాజిక్ అన్నాను. ఆ తర్వాత ఒళ్ళు. ఎత్తు, భుజాలు, ఛాతీ, నడుము, కాళ్ళు అన్నిటికీ విడివిడిగా స్లైడర్లు, మొహానికి కూడా. ప్రతి ముక్కకీ రెండేసి రంగులు, పసుపు ఒకటి నలుపు ఒకటి పెట్టి చారల ప్యాటర్న్ వేస్తే చేతులకీ కాళ్ళకీ వచ్చింది, తోక తగిలించాను. తలకి జంతువు మొహం పెట్టొచ్చు గానీ నేను పెట్టలేదు, మనిషి మొహమే ఉంచి రంగు వేశాను, ఎందుకంటే వేషం కట్టినవాడి కళ్ళు కనబడాలి, అదే వాడి బాధ. ఇలాంటి నిర్ణయం తీసుకోనిచ్చే గేమ్ నాకు కావాలి. ఒకే మనిషికి చాలా డ్రెస్సులు దాచుకోవచ్చు కూడా, అందుకే మా వాడికి పంచె కట్టిన డ్రెస్సు ఒకటుంది, మగ్గం దగ్గర కూచున్నప్పటిది.

బావ మాత్రం ఛాంపియన్స్ మనిషి. ఆయన సూరత్‌లో పవర్‌లూమ్ పని, మా గంజాం జిల్లా నుంచి సగం వీధి అక్కడే ఉంటాది, నైట్ షిఫ్ట్ లేని రోజున రూమ్‌లో లాప్‌టాప్ తెరుస్తాడు. ఆయన హీరో చేతుల్లోంచి పట్టుదారం వదుల్తాడు. ఛాంపియన్స్‌లో తిరగడానికి రకరకాల ట్రావెల్ పవర్లున్నాయి, ఎగరడం, మంచు మీద జారుతూ పోవడం, నేల తవ్వుకుని పోవడం, తాడు పట్టుకుని ఊగుతూ పోవడం, ఆయన ఆ ఊగేదాన్ని పట్టుకుని "ఇది మన బరంపురం పట్టురా, తెగదు" అంటాడు. పవర్‌హౌస్ అని ఒక బిల్డింగ్ ఉంది, కొత్త పవర్ తీసుకున్నాక అక్కడే బొమ్మల మీద కొట్టి చూసుకుని, నచ్చకపోతే వెనక్కిచ్చేసి ఇంకోటి తీసుకుని అప్పుడే బయటకి రావొచ్చు, ఇది చాలా మంచి పద్ధతి, సిటీ ఆఫ్ హీరోస్‌లో ఇంత సులువు లేదు. ఫ్రీఫామ్ అనే పద్ధతిలో ఐతే నిప్పు, కత్తి, మనసుతో వస్తువులు కదపడం, ఏ సెట్లోంచి ఏదైనా తీసి కలిపేసుకోవచ్చు, అడ్డే లేదు. కాకపోతే ఫ్రీగా ఆడేవాళ్ళకి కట్టేసిన ఆర్కిటైప్‌లే ఇస్తారు, ఫ్రీఫామ్ కావాలంటే డబ్బులు పెట్టాలి. క్యారెక్టర్ తయారీ కోసమే వచ్చినవాడికి అదే పెద్ద లోటు, తలుపు చూపించి తాళం వేసినట్టుంటాది.

ఛాంపియన్స్‌లో ఇంకోటుంది, దానికి నేను దణ్ణం పెడతాను. ఇరవై ఐదో లెవెల్‌కి నెమెసిస్ వస్తాడు, అంటే మన హీరోకి జన్మశత్రువు, వాణ్ణి కూడా మనమే చేస్తాం, పేరు, డ్రెస్సు, పవర్లు, వాడి మనుషులు, వాడు పిచ్చోడా ఎత్తులు వేసేవాడా మృగమా అన్నది కూడా. తర్వాత ఆ విలన్ మన మీదకి మనుషుల్ని పంపుతూనే ఉంటాడు. బావ చేసిన విలన్ నూలు అప్పిచ్చి మగ్గాలు లాక్కునేవాడు, తెల్ల సూటు, చేతిలో లెక్కల పుస్తకం లాంటి డబ్బా. వాణ్ణి కొట్టిన రాత్రి బావ ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు, "ఒరేయ్, ఇవాళ లెక్క తేలిపోయింది" అని. సిటీ ఆఫ్ హీరోస్‌లో మిషన్లు మనమే రాసి అందరిచేతా ఆడించే సదుపాయం 2009లో వచ్చింది, విలన్‌ని అందులో చేసుకోవచ్చు గానీ, వాడు మన వెనక పడడు. ఈ ఒక్క విషయంలో ఛాంపియన్సే మేలు, ఒప్పుకోవాలి.

డీసీ గురించి ఎక్కువ చెప్పను. ఫైటింగ్ దెబ్బకి దెబ్బ అన్నట్టుంటాది, ప్లేస్టేషన్ కంట్రోలర్ చేతిలో ఉంటే మూడింటిలో అదే హాయి, మొదట్లోనే ఒక గురువుని ఎంచుకోవాలి, హీరోలకి సూపర్‌మాన్, బ్యాట్‌మాన్, వండర్ వుమన్, విలన్లకి లెక్స్ లూథర్, జోకర్, సర్సీ. మా మేనల్లుడు మొదటిసారి ఆడినప్పుడు "మావయ్యా, బ్యాట్‌మాన్ నాతోనే మాట్లాడుతున్నాడు!" అని ఇల్లంతా ఎగిరాడు, వాడికి పన్నెండేళ్ళు, ఆ ఆనందం తక్కువదేం కాదు. వాడి వయసు పిల్లలకి నేను డీసీనే చెప్తాను. కానీ నలభై గంటలు ఆడాక కూడా మనం బ్యాట్‌మాన్ శిష్యుడిగానే ఉంటాం, కథంతా వాళ్ళది. డ్రెస్సు కూడా ఎక్కువ భాగం ఆటలో దొరికిన గేర్ (సామాను) నుంచి పోగేసుకునే స్టైల్స్, మా పులి వేషంవాడిని నేననుకున్నట్టు అందులో కట్టడం కష్టం.

మనుషుల సంగతికొస్తే నా ఓటు ఎందుకలా పడిందో తెలుస్తుంది. సిటీ ఆఫ్ హీరోస్‌ని 2012 నవంబర్ 30న మూసేశారు. నష్టం వచ్చి మూసేశారా ఇంకేదన్నానా అన్నది పక్కన పెట్టండి, మూసేస్తామని చెప్పాక ఆటగాళ్ళు గేమ్‌లోని అట్లాస్ పార్క్ అనే చోట పెద్ద విగ్రహం కింద కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. మూసేసిన తర్వాత కొందరు ఆ పాత ప్రోగ్రామ్‌నే మార్చి, ఫైట్లు లేవు, లెవెల్స్ లేవు, ఒట్టి డ్రెస్సులు వేసుకుని వీధుల్లో తిరిగేలా చేశారు, 2015లో అందులో ఒకళ్ళకొకళ్ళు కనబడి మాట్లాడుకునేలా కూడా చేశారు. ఆలోచించండి, కొట్టడానికి ఒక్క దొంగ కూడా లేని ఊళ్ళోకి జనం వచ్చి, తమ హీరో వేషంలో నిలబడి కబుర్లు చెప్పుకుని వెళ్ళేవారు. వాళ్ళకి కావలసింది ఆ మనిషి, ఆ పక్కనున్న మనిషి. 2019లో సర్వర్ కోడ్ బయటకొచ్చి హోమ్‌కమింగ్ అనే సర్వర్లు మొదలయ్యాయి, 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ వాళ్ళే దానికి లైసెన్స్ ఇచ్చారు. నెల ఫీజు లేదు, అన్ని పవర్లూ అన్ని డ్రెస్సులూ తెరిచే ఉంటాయి, నడిచేది విరాళాల మీద. మన పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తాది.

అందులో ఎవర్‌లాస్టింగ్ అనే సర్వర్‌లో రోల్‌ప్లే, అంటే తమ హీరోలాగే మాట్లాడుతూ, ఆడేవాళ్ళు ఎక్కువ. పాకెట్ డి అని ఒక నైట్‌క్లబ్ ఉంది, హీరోలూ విలన్లూ ఇద్దరూ రావొచ్చు, కొట్టుకోవడం ఉండదు. నేను మొదటిసారి మా పులివాణ్ణి తీసుకెళ్ళి గోడ పక్కన నిలబెట్టాను, ఎవరితో ఏం మాట్లాడాలో తెలీక. ఒక రోబో వేషంలో ఉన్నావిడ నా బయో, అంటే హీరో గురించి నేను రాసుకున్న కథ, చదివినట్టుంది, దగ్గరకొచ్చి వాసన చూసినట్టు ఎమోట్ (సైగ) చేసి, "ఇది పెయింట్ కదా, వర్షంలో ఎందుకు తడవలేదు?" అని అడిగింది. అంతే, నాకు దారి దొరికింది. మా వాడు చెయ్యి దాచుకుని "ఇది మొక్కు, తడవదు" అన్నాడు. ఆవిడ వెంటనే బాగుచేస్తాను అనలేదు, "ఐతే ఎవరికి బాకీ?" అంది. గంటన్నర అలా నడిచింది, ఆ రాత్రికి నా హీరోకి చెల్లెలు ఉందని నాకే కొత్తగా తెలిసింది. మంచి రోల్‌ప్లేయర్ అంటే ఇదే, ఎదుటివాడి కథకి చోటిస్తాడు. చెడ్డవాడు వచ్చీరాగానే "నా కిరణం నీకు తగిలింది, నువ్వు పడిపోయావు" అని మన తరఫున వాడే రాసేస్తాడు, అలాంటివాడి దగ్గర ఆగక్కర్లేదు, పక్కకి వచ్చేయండి. ఆట బయటి మాటైతే డబుల్ బ్రాకెట్లో రాయాలి, కరెంటు పోతాది అనో అమ్మ పిలుస్తోంది అనో, అందరూ అర్థం చేసుకుంటారు. మరీ సొంత వివరాలు, ఫోన్ నెంబరూ ఇంటి అడ్రసూ, డబుల్ బ్రాకెట్లో కూడా ఇవ్వొద్దు.

పేర్ల దగ్గర కూడా ఒక మాట. ఉన్న హీరోలకి కాపీలు చేయకండి. 2004 నవంబర్‌లో మార్వెల్ వాళ్ళు ఆటగాళ్ళు మార్వెల్ హీరోల్లాంటివాళ్ళని చేస్తున్నారని ఈ గేమ్ వాళ్ళ మీద కేసే వేశారు, 2005 డిసెంబర్‌లో రాజీ అయింది. కాపీ కనబడితే పేరు, డ్రెస్సు తీసేస్తారు. కేసు సంగతి అలా ఉంచితే, మన దగ్గర ఠాకురాణి యాత్ర, పర్లాకిమిడి కోట, మహేంద్రగిరి ఇన్ని ఉండగా అరువు తెచ్చుకోడం ఎందుకు చెప్పండి.

ఛాంపియన్స్‌లోనూ జనం ఉన్నారు, క్లబ్ కాప్రీస్‌లో రాత్రుళ్ళు చేరతారు, పాతకాపులు బాగా రాస్తారు, కానీ కొత్తవాడు వాళ్ళ గుంపులో కలవడానికి టైం పడుతుంది, బావ అదే అంటాడు. డీసీలో లీగ్‌లు, అంటే ఆటగాళ్ళ సంఘాలు, గట్టిగా ఉంటాయి, ఎనిమిదిమంది కలిసి చేసే పెద్ద ఫైట్‌కి, అంటే రైడ్‌కి పిలుస్తారు, జట్టులో మన పని ట్యాంకా హీలరా కంట్రోలరా అని అడుగుతారు, మనం ఎవరం అని అడిగేవాళ్ళు తక్కువ. సిటీ ఆఫ్ హీరోస్‌లో ఇంకో గొప్ప సదుపాయం, టీమ్‌లో చేరితే చిన్న లెవెల్‌వాడు లీడర్ లెవెల్‌కి ఒక్కటి తక్కువగా తనంతట తానే పైకి వచ్చేస్తాడు. బావకి యాభై ఉండొచ్చు, నాకు ఆరు ఉండొచ్చు, పక్కపక్కన కొట్టొచ్చు. అందుకే బావని కూడా ఆదివారాలు ఇటు లాక్కొస్తున్నా.

టైం గురించి చెప్పి ఆపుతా. అమెరికా తూర్పు తీరంలో రాత్రి తొమ్మిది అంటే మనకి ఎండాకాలంలో పొద్దున ఆరున్నర, చలికాలంలో ఏడున్నర, అక్కడి శనివారం రాత్రి గుంపు మనకి ఆదివారం పొద్దున దొరుకుతాది, ఎవర్‌లాస్టింగ్‌కి అదే మంచి టైం. రాత్రుళ్ళు ఆడేవాళ్ళైతే యూరప్ వాళ్ళ రీయూనియన్ సర్వర్ చూడండి, జర్మనీ, ఫ్రాన్స్ వైపు సాయంత్రం ఎనిమిది మనకి ఎండాకాలంలో పదకొండున్నర. పింగ్, అంటే సర్వర్‌కి వెళ్ళి రావడంలో ఆలస్యం, రెండు చోట్లా ఎక్కువే, కానీ పాకెట్ డి లో కూచుని మాట్లాడుకోడానికి పింగ్ అడ్డం రాదు, ఫైట్లో కూడా ఇది పాత పద్ధతి గేమ్ కాబట్టి నెట్టుకొచ్చేయొచ్చు, డీసీలో ఐతే అదే పింగ్‌తో బ్లాక్ పడదు, దెబ్బలు తింటారు. బయో ఇంగ్లీషులో రాయండి, తప్పులున్నా పర్లేదు, అక్కడ స్పెయిన్‌వాళ్ళూ పోలండ్‌వాళ్ళూ అలాగే రాస్తారు. అట్లాస్ పార్క్ విగ్రహం దగ్గర పసుపు చారలవాడు కనబడితే తెలుగులోనే పలకరించండి.