స్వరపేటిక తీసేయాలా, దారి వేరు చేస్తే చాలా?

కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు ఏఎల్ఎస్. అది ముదిరేకొద్దీ మింగడం కష్టమై, ఉమ్మి కూడా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఊపిరి కోసం మెడలో రంధ్రం చేసి పెట్టే ట్రాకియాస్టమీ గొట్టానికి కఫ్ (చుట్టూ గాలితో ఉబ్బే బుడగ) ఉన్నా, దాని పైన చేరిన ఉమ్మి పక్కల నుంచి మెల్లగా దిగుతూనే ఉంటుంది. రాత్రంతా ఆ ఉమ్మిని లాగేసే సక్షన్ మెషిన్ మోత తప్పదు. దీన్ని ఆపే ఆపరేషన్లలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది, 1970ల్లో లిండెమన్ అనే డాక్టర్ వివరించిన పద్ధతి. శ్వాసనాళాన్ని కోసి, కింది కొసను మెడ మీద రంధ్రంగా తెరుస్తారు. పై కొసను కుట్టి మూసేస్తారు, లేదా అన్నవాహికకు కలుపుతారు. స్వరపేటిక అలాగే ఉంటుంది. కానీ మూసిన చోట ఉమ్మి నిలిచి కుట్లు లీకవ్వచ్చు.

రెండోది స్వరపేటికను మొత్తం తీసేయడం. ఇది పెద్ద ఆపరేషన్, ఇక్కడా లీకు భయం ఉంది. అయితే నాలుక ఇంకా కాస్త పనిచేసేవాళ్లకు మింగడం తేలికవ్వచ్చు. ఒక్క చెంచా మెత్తటి తిండిని భయం లేకుండా నోటితో తినగలగడం చిన్న విషయమా!

మొదటిదాన్ని తర్వాత మళ్లీ కలపొచ్చంటారు. కానీ ఏఎల్ఎస్ వెనక్కి తగ్గే జబ్బు కాదు, అందుకే నాకది పెద్ద లాభంగా అనిపించదు. మాట మాత్రం రెండింటిలోనూ పోతుంది. కాస్తయినా మాట మిగిలి ఉంటే, ఆ గొంతును ముందే రికార్డు చేసి పెట్టుకోండి.