కర్నూలులో అమ్మకానికి పెట్టిన ‘జర్మన్ స్నైపర్’: తుపాకీ నాటిదే, స్కోపు రైలు నిన్నటిది

కర్నూలులో లైసెన్సు ఉన్న ఒక ఆయుధాల దుకాణంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ స్నైపర్ రైఫిల్ అంటూ ఒక కె98కె (జర్మన్ సైన్యం మామూలుగా వాడిన మౌజర్ రైఫిల్) అమ్మకానికి ఉంది. మామూలు కె98కె ధరకు రెండింతలకు పైగా చెప్తున్నారు. ఆ తేడా మొత్తం స్కోపు (గురి చూసే దుర్భిణి) మీద, దాన్ని తుపాకీకి పట్టి ఉంచే రైలు అనే లోహపు పట్టీ మీద నిలబడి ఉంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ చోటు ఆ రెండింటికే.

ముందుగా తుపాకీ. గొట్టం వెనక బోల్టు కదిలే ఉక్కు భాగాన్ని రిసీవర్ అంటారు. దాని ముందరి రింగు పైన ‘బీవైఎఫ్’ అక్షరాలు, వాటి కింద 44. ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ కర్మాగారానికి యుద్ధకాలంలో ఇచ్చిన రహస్య సంకేతం అది, తయారైన ఏడాది 1944. కుడివైపు గద్ద ముద్రల కింద 135 అంకె ఉంది. ఆ కాలానికి మౌజర్‌లో పనిచేసిన తనిఖీ విభాగం నంబరు అదే. గొట్టం పొడవు కొలిస్తే 600 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 1110. దూరం నుంచి కె98కెలా కనిపించే యుగోస్లావియా ఎం48ల రిసీవర్ దీనికంటే 6 మిల్లీమీటర్ల దాకా పొట్టి. ఇది పొట్టిది కాదు. ఇంతవరకు ఏ అనుమానమూ లేదు.

బోల్టు (తూటాను గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) దగ్గర కథ మారుతుంది. దాని మీద అసలు నంబరును కొట్టేసి, పక్కనే ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో (లోహం మీద గీసే కరెంటు పనిముట్టుతో) రిసీవర్ నంబరు గీశారు. రిసీవర్ ఎడమవైపు చిన్న ‘ఎక్స్’ గుర్తు. ఈ రెండూ కలిసి కనిపిస్తే ఆ తుపాకీ సోవియట్ సేనల చేతికి చిక్కినట్టు, తర్వాత వాళ్ల ఆయుధాగారంలో విప్పి, శుభ్రం చేసి, చేతికందిన భాగాలతో మళ్లీ బిగించినట్టు అర్థం. ట్రిగ్గర్ గార్డు కూడా అదే చెప్తోంది. 1944లో మౌజర్ రేకును అచ్చుకొట్టి గార్డు చేసే పద్ధతికి మారింది. ఈ తుపాకీకి మాత్రం ఉక్కు దిమ్మను చెక్కి చేసిన పాత రకం ఉంది, దాని మీద గద్ద కింద 63. అది 1930ల నాటి మౌజర్ ముద్ర. ఒకే కర్మాగారం భాగమే, తుపాకీ మాత్రం వేరు. ఇదేమీ మోసం కాదు, రష్యా దారిలో వచ్చిన వేలాది తుపాకులు ఇలాగే ఉంటాయి. అయితే ‘అన్ని నంబర్లూ కలిసిన స్నైపర్’ (అన్ని భాగాల మీదా కర్మాగారమే ఒకే నంబరు కొట్టినది) అని దుకాణం వాళ్లు అనే మాట ఇక్కడే వీగిపోతుంది. పెన్సిల్‌తో గీసిన నంబరును కలిసిన నంబరుగా లెక్కకట్టరు.

ఇక రైలు. జర్మన్లు కె98కెకి స్కోపు బిగించడానికి చాలా పద్ధతులు వాడారు. జెడ్‌ఎఫ్41 అనే ఒకటిన్నర రెట్ల చిన్న స్కోపుకు వెనక గురి దిమ్మ ఎడమవైపునే రైలు చెక్కి ఉంటుంది. పంజా మౌంటు, టరెట్ మౌంటు అనే బిగింపులు రిసీవర్ పైభాగాన కూర్చుంటాయి. పొట్టి రైలు, పొడవు రైలు రిసీవర్ ఎడమ గోడకు బిగిస్తారు. అమ్మకానికి పెట్టినది పొడవు రైలు రకం. దీనికోసమే 1944 చివర్లో మౌజర్ ఎడమ గోడ మందం పెంచింది. ఈ తుపాకీకి ఆ మందపు గోడ ఉంది, దుకాణం వాళ్లు దాన్నే రుజువుగా చూపిస్తున్నారు. కానీ మందపు గోడతో తయారైనవన్నీ స్నైపర్లు కాలేదు. రైలు పెట్టకుండా మామూలు సైనికుడి చేతికి పోయినవి లెక్కలేనన్ని. నకిలీ చేసేవాళ్లు వెతికేది సరిగ్గా అలాంటి తుపాకీనే.

పొడవు రైలు అసలుదైతే మూడు పెద్ద స్క్రూలు, అవి తిరగకుండా పట్టే చిన్న స్క్రూలు, రెండు టేపరు పిన్నులు (ఒక కొనకు సన్నబడే మేకుల్లాంటివి) ఉండాలి. ఈ పిన్నులు అందానికి పెట్టినవి కావు. స్క్రూ పని రైలును గోడకు అదిమి పట్టుకోవడం వరకే. తుపాకీ పేలినప్పుడు వచ్చే అడ్డు తోపుడును పిన్ను భరించాలి. పిన్ను లేకపోతే కొన్ని గుండ్లకే రైలు వెంట్రుకవాసి కదులుతుంది, గురి తప్పుతుంది, ఎంత సరిచేసినా నిలవదు. దుకాణంలోని తుపాకీకి మూడు స్క్రూలున్నాయి, పిన్నులు లేవు. పిన్నుల రంధ్రాలు కూడా లేవు.

పది రెట్ల లెన్సు పెట్టి, పక్కనుంచి టార్చి వేస్తే మిగతాది కనిపిస్తుంది. మధ్య స్క్రూ విప్పినప్పుడు రంధ్రం లోపలి మరలు (స్క్రూ తిరిగే గాడులు) వెండిలా మెరుస్తున్నాయి. ఎనభై ఏళ్ల రంధ్రంలో మరల మొదళ్ల దగ్గర నల్లటి నూనె మడ్డి గట్టిపడి ఉంటుంది, దూదిపుల్ల పెట్టి తిప్పితే గోధుమరంగుగా వస్తుంది. ఇక్కడ దూది తెల్లగానే బయటికొచ్చింది. రంధ్రం అంచున డ్రిల్లు లేపిన చిన్న పొరను గీకి, పైన చల్లటి బ్లూయింగ్ (ఉక్కుకు నలుపు తెచ్చే పూత) ద్రావణం పూశారు. వేడి లవణాల్లో ముంచి వేసిన పాత బ్లూయింగ్ నీలి నలుపుగా లోతుగా ఉంటుంది. ఇది బూడిదరంగుకు తిరిగింది, వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే రసాయనం వాసన ఇంకా ఉంది. చెక్కలో రైలు కోసం కోసిన గాడి కూడా ఈమధ్యదే. ప్లైవుడ్ పొరలు గాడిలో పాలిపోయి, పక్కన ముదురుగా ఉన్నాయి.

స్కోపు మీద ‘బీఎంజే’ అని ఉంది. అది వెట్జ్‌లార్‌లోని హెన్సోల్ట్ సంస్థ సంకేతం. చదవడానికి బాగానే ఉంది కానీ, నాలుగు రెట్ల హెన్సోల్ట్ సైనిక స్కోపుకు పైన ఒక్కటే డ్రమ్ము, దూరానికి తగ్గట్టు ఎత్తు సరిచేయడానికి. పక్కకు సరిచేయాలంటే మౌంటు వెనకభాగంలోని స్క్రూలు తిప్పాలి. ఈ స్కోపుకు కుడివైపున రెండో డ్రమ్ము ఉంది. అంతటితో అది ఆ కాలపు హెన్సోల్ట్ కాదని తేలిపోయింది. (జి43 రైఫిల్‌కు వాడిన జెడ్‌ఎఫ్4కు రెండు డ్రమ్ములు ఉంటాయి, అది వేరే స్కోపు.) స్కోపు ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో దుకాణంలోనే చూసుకోవచ్చు. ఎదురుగా ఇటుక గోడ ఉంటే ఒక కన్ను స్కోపులో, ఇంకో కన్ను బయట పెట్టి చూడండి. స్కోపులోని ఒక ఇటుక బయటి నాలుగు ఇటుకలంత కనిపిస్తే నాలుగు రెట్లు. ఇక్కడ ఆరు దాటింది.

దుకాణం గురించి మంచిమాట కూడా చెప్పాలి. స్కోపు దించి, రైలు స్క్రూలు విప్పి చూడనిచ్చారు, బోల్టు చేతికిచ్చారు. విప్పనివ్వని చోట ఏ యుద్ధకాలపు తుపాకీనీ కొనకూడదు. వాళ్లు కావాలని మోసం చేస్తున్నారని అనిపించలేదు, తమకు అమ్మినవాళ్ల మాట నమ్మినట్టుంది. కానీ ధర తగ్గించడానికి ఒప్పుకోలేదు.

మామూలు కె98కె ధరకు ఇస్తే దీన్ని తీసుకోవచ్చు, అదీ గొట్టం లోపల గాడులు పదునుగా ఉండి, హెడ్‌స్పేసు గేజితో (మూసిన బోల్టుకు, తూటా కూర్చునే చోటికి మధ్య ఖాళీ కొలిచే పనిముట్టుతో) ఒకసారి పరీక్షించాకే. రంధ్రాలు పడిన రిసీవర్ కాబట్టి దానికీ కొంత తగ్గించి అడగాలి. రంధ్రాలు పూడ్చి వెల్డు చేయిస్తామంటే వద్దనండి. ఆ వేడికి రిసీవర్ ఉక్కు గట్టిదనం పోతుంది.

బిల్లు రాయించుకునేటప్పుడు నంబరు కింద ఉన్న చిన్న అక్షరాన్ని వదలనివ్వకండి. జర్మన్ కర్మాగారాల్లో 1 నుంచి 9999 దాకా కొట్టి, తర్వాత అక్షరం చేర్చి మళ్లీ 1 నుంచి మొదలుపెట్టేవారు, ఏడాది మారగానే అదంతా తిరిగి మొదలు. ఒకే నంబరుతో ఒకే కర్మాగారంలో చాలా తుపాకులు తయారయ్యాయి. కలెక్టరేట్‌లో లైసెన్సులో ఎక్కించేటప్పుడు సంకేతం, ఏడాది, నంబరు, అక్షరం నాలుగూ రాయించాలి. గుర్తింపు ముద్రలు లేని తుపాకీని కొనడం, అమ్మడం 1959 ఆయుధ చట్టం 8వ సెక్షన్ కింద నేరం కాబట్టి, నంబరు అరిగి కనిపించకపోతే ఆ సంగతి బిల్లు చేతిలోకి రాకముందే దుకాణంలో తేల్చుకోండి.