పదకొండేళ్ళు రికార్డ్ ప్లేయర్‌తో: యంత్రం సంగతి, వినేవాళ్ళ సంగతి

2014 సంక్రాంతి సెలవుల్లో ఈ రికార్డ్ ప్లేయర్ కొన్నాను. బెల్ట్‌తో తిరిగేది, 33, 45, 78 మూడు స్పీడ్‌లూ ఉన్నది. అప్పట్లో 14 వేలు పడింది. పెట్టె విప్పిన వారానికే రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి. పదకొండేళ్ళు వాడి రాసేవాళ్ళు తక్కువ, అందుకని నేను రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్తాను. యంత్రం నన్ను పెద్దగా బాధపెట్టలేదు. బాధపెట్టింది దాని వల్ల పరిచయమైన మనుషులు. వాళ్ళతో చేరి నేనూ ఒకరిని బాధపెట్టాను. ఈ సమీక్షలో సగానికి పైగా ఆ గొడవే ఉంటుంది.

నాన్నగారు పోయాక అటక మీంచి ఒక చెక్కపెట్టె దించాం. అందులో అరవై మూడు రికార్డులు. సగం 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు. మిగతావి ఈపీలు (చిన్న రికార్డులు), ఎల్పీలు (ఎక్కువసేపు పాడే పెద్దవి). ఘంటసాల, లీల, సుశీల, కొన్ని నాటకాల పద్యాలు. పారేయడానికి మనసొప్పలేదు, విందామంటే సాధనం లేదు. రెండేళ్ళు అలాగే ఉంచి, చివరికి ఇది కొన్నాను.

ముందు యంత్రం. మాది విజయవాడ. ఇక్కడి ఎండకి ప్లాస్టిక్ ఏదైనా వంగుతుంది. మొదటి వేసవిలోనే కిటికీ పక్కన పెట్టిన ఒక ఎల్పీ అప్పడంలా లేచింది. అప్పట్నుంచి అన్నీ నిలువుగా, గోడకి దూరంగా పెడుతున్నాను. బెల్ట్ ఆరేళ్ళకి సాగింది. పాట నెమ్మదించి, గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తే అది బెల్ట్ జబ్బే అనుకోండి. కొత్తది వేసుకుంటే సర్దుకుంటుంది. సూది ఇప్పుడు మూడోది. కొనేటప్పుడు నాకెవరూ చెప్పని విషయం ఒకటుంది: 78లకి వేరే సూది కావాలి. వాటి గాడి వెడల్పు ఎక్కువ. ఎల్పీ సూది పెడితే అది గాడి అడుగున పొర్లుతూ బరబరమంటుంది. నేను ఆ బరబర వింటూ, రికార్డులే పాడైపోయాయనుకుని ఆరు నెలలు దిగులుపడ్డాను. సరైన సూది పెట్టిన రోజు లీల గొంతు గదిలోకి వచ్చి నిలబడినట్టనిపించింది. అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

ఆ సూది సంగతి చెప్పింది సత్యనారాయణపురంలో ఒక మేడమీద గదిలో కలిసే పాత రికార్డుల అభిమానులు. నెలకో ఆదివారం పదీ పన్నెండు మంది చేరేవారు. మొదటిసారి వెళ్ళినప్పుడు బూజు పట్టిన 78 ఒకటి, టీవీ తుడిచే స్పిరిట్ సీసా ఒకటి పట్టుకెళ్ళాను. దూది స్పిరిట్‌లో ముంచి రికార్డు మీద పెట్టబోతుంటే ఒక పెద్దాయన గభాల్న నా మణికట్టు పట్టుకున్నారు. "ఏమ్మా, అది లక్క. స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది" అన్నారు. తర్వాత ఆయనే కూర్చోబెట్టి చూపించారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్. పాత పంచె ముక్క. గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, మధ్యలో కాగితం లేబుల్‌కి తడి తగలకూడదు. నా రికార్డులు ఇవాళ బతికున్నాయంటే ఆయన చలవే. ఇది ఎప్పటికీ మర్చిపోను. మిగతాది చదివేటప్పుడు మీరూ మర్చిపోవద్దు.

ఎందుకంటే అదే గదిలో, అదే పెద్దాయన ముందు, నాలుగో నెలలో ఒక పరీక్ష జరిగింది. అమ్మకిష్టమైన పాట ఒకటి పెట్టాను. పాట అయ్యీ అవ్వకముందే ఒకాయన "ఏ రాగం మేడం?" అన్నారు. హిందోళం అన్నాను. "కాకలి నిషాదం అంత స్పష్టంగా పలుకుతుంటే హిందోళమా? చంద్రకౌంస్ అది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఆ ఒక్క స్వరంలోనే ఉంది తేడా: 'ని' హిందోళంలో కాస్త కిందుగా పలుకుతుంది, చంద్రకౌంస్‌లో కాస్త పైగా, అదే కాకలి నిషాదం. ఆ తేడా నేర్పిస్తే ఎంత బాగుండేది! నేర్పలేదు. పక్కాయన వైపు తిరిగి "రేడియోలో విని వచ్చేవాళ్ళకి నిషాదాలెక్కడ పడతాయి" అన్నారు. అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు, కానీ ఏమీ అనలేదు. అమ్మ ఆ పాటని ముప్ఫై ఏళ్ళు రేడియోలోనే విన్నది. ఇంటికొచ్చాక "ఏమన్నారే పాట గురించి?" అని అడిగింది. బాగుందన్నారని చెప్పాను.

ఆ గదిలో వినే పద్ధతికి ఒక మెట్ల వరస ఉండేది. అన్నిటికన్నా పైన 78. తర్వాత ఎల్పీ, అదీ మొదటి ముద్రణ. ఆ కింద మళ్ళీ వేసిన ముద్రణలు, దాని కింద క్యాసెట్, సీడీ. ఫోన్‌లో వినేవాళ్ళు అసలు లెక్కలోకే రారు. రికార్డు చేతికివ్వగానే పాట పేరు చూడకుండా లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్, అంటే అది ఏ ముద్రణో చెప్పే గుర్తు, చదివేవారు. నంబర్ నచ్చకపోతే పాట మొదలవకముందే మొహం ముడుచుకునేది. పాటంటే చెవి కోసుకునే మనుషులే. పాటకి మడి కట్టి, ఎవరు ముట్టుకోవచ్చో ఎవరు ముట్టుకోకూడదో తేల్చడంలో పడ్డారు.

ఆంప్లిఫయర్లు బాగుచేసే కుర్రాడు ఒకడు వచ్చేవాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. కూలి కూడా సరిగ్గా అడిగేవాడు కాదు, కిందనే కూర్చుని పాటలు వింటూ పని చేసేవాడు. ఒకరోజు ఒక తీగ అతికించాక, సౌండ్ సరిగ్గా వస్తోందో లేదో చూడ్డానికి తన ఫోన్‌లోంచి కొత్త సినిమా పాట పెట్టాడు. డ్రమ్స్ గట్టిగా మోగాయి. "ఆ చెత్త ఇక్కడ పొయ్యకు" అని ఒకాయన అరిచారు. ఇంకొకరు ఆ పాట మాటలు వెటకారంగా పాడి వినిపించారు. కుర్రాడు పాట ఆపి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సోల్డరింగ్ ఐరన్ చల్లారేదాకా మాట్లాడకుండా కూర్చుని, దాన్ని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తర్వాతి నెల ఆంప్లిఫయర్ గుయ్యిమంటుంటే అందరూ "ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదు" అన్నారు.

ఆ రోజు నేను నోరు విప్పలేదు. ఆ గదిలో నా చోటు నాకు ముఖ్యమైంది.

ఈ చులకన కొత్తదేం కాదని తర్వాత చదివినకొద్దీ అర్థమైంది. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటలకి దారి మూసుకుపోయింది. శాస్త్రీయ సంగీతం ముందు అవి లోకువ అని ఆయన అభిప్రాయం. జనం రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టాక గానీ ఆకాశవాణి ఆ శ్రోతల్ని మళ్ళీ రప్పించుకోలేకపోయింది. అంటే ఆ మేడమీద గదిలో కళ్ళు మూసుకుని మేం విన్న యాభైల నాటి పాటలు, అవి పుట్టిన రోజుల్లో పెద్దమనుషులు గడపలోకి రానివ్వని పాటలు. హార్మోనియం గతీ అంతే. మన పద్యనాటకానికి ఊపిరి లాంటి ఆ పెట్టెని 1940లో రేడియోలోంచి పంపేస్తే, ఆ నిషేధం 1971 దాకా నడిచింది. పాలకొల్లు పిల్లాడు యు. శ్రీనివాస్ మాండలిన్ పట్టుకున్నప్పుడు ఆ వాద్యం మీద గమకం (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పలకదని పెదవి విరిచినవాళ్ళున్నారు. ఆయన పలికించాడు.

మా ఇంట్లోనూ జరిగింది. నాన్నగారు ఘంటసాల భక్తుడు. 1974లో ఘంటసాల పోయినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదని అమ్మ చెప్తుంది. ఆ తర్వాత కొన్నేళ్ళు రేడియోలో బాలసుబ్రహ్మణ్యం గొంతు వస్తే కట్టేసేవారట. "ఇతను సంగీతం నేర్చుకోలేదు" అనేవారట. 1980లో శంకరాభరణం వచ్చింది. శాస్త్రీయంగా నేర్చుకోని ఆ మనిషి పాడిన ఆ పాటలకే జాతీయ అవార్డు వచ్చింది. నాన్నగారి చెక్కపెట్టెలో ఆ ఎల్పీ ఉంది. అరవై మూడింటిలోకీ అట్ట ఎక్కువ నలిగింది దానిదే. మూలలు చిరిగితే నాన్నగారు కాకీ టేప్ అంటించారు, అది కూడా అరిగి నున్నగా అయింది. ఎన్నిసార్లు తీసి పెట్టి ఉంటారో! ఆరేళ్ళు వినకుండా ఉన్నందుకు ఆయనకి ఎలా అనిపించిందో అడగడానికి ఇప్పుడు ఆయన లేరు.

ఇంత తెలిసీ నేను చేసిన పని చెప్పాలి. 2018లో మా అన్నయ్య కూతురు వేసవి సెలవులకి వచ్చింది. దానికి పదమూడేళ్ళు. నేను రికార్డులు తుడుచుకుంటుంటే పక్కన చేరి "అత్తా, ఇది విను" అని ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. రెండోది దాని చెవిలో ఉంది. పాట అరనిమిషం విని తీసేశాను. "ఇదీ ఒక పాటేనా? మాటలు ముద్దగా నమిలి ఊసినట్టున్నాయి. ళ పలకడం రాదు, ణ పలకడం రాదు" అన్నాను. గదిలో వాళ్ళు అనే మాటలే. అదే గొంతు, అదే విరుపు. పిల్ల ఏమీ అనలేదు. తీగ చుట్టుకుని లోపలికెళ్ళింది. ఆ సెలవుల్లో మళ్ళీ నాకు పాట వినిపించలేదు. ఆ తర్వాత రెండేళ్ళూ వినిపించలేదు.

ళ పలకడం లేదన్న మాట తప్పు కాదు. కళ్ళు అనే మాట కల్లు అని పలికితే నాకిప్పటికీ ప్రాణం చివుక్కుమంటుంది. పాటలో లోటుంటే లోటని చెప్పాలి, గట్టిగానే చెప్పాలి. కానీ నేను ఆ రోజు మాట్లాడింది పాట గురించి కాదు. ఇయర్‌ఫోన్ పంచుకోవడానికి వచ్చిన పిల్లకి అభిరుచి లేదని చెప్పాను. ఈ రెంటికీ మధ్య తేడా కాకలి నిషాదం కన్నా సులువుగా వినపడాలి. నాకు వినపడలేదు.

ఆ గదికి వెళ్ళడం 2019లో మానేశాను. తిట్టుకుని బయటికి రాలేదు, ఆదివారాలు బరువైపోయి మానేశాను. పాట పెట్టబోతే ఎవరేమంటారో అని టెన్షన్. ఒంటరిగా ఇంట్లో వింటున్నా లోపల ఒక గొంతు మార్కులు వేస్తూ ఉండేది. ఆ గొంతు పోవడానికి ఏడాది పైన పట్టింది. నా పదకొండేళ్ళ వాడకంలో అతి పెద్ద రిపేరు అదే.

ధ్వని గురించి కూడా నిజం రాయాలి, సమీక్ష కదా. నల్ల రికార్డులో వెచ్చదనం ఉంటుందంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ వెచ్చదనంలో నాన్నగారెంతో, గాడి ఎంతో నేను విడదీయలేను. డిజిటల్ వాసన తగిలితే చెవి పట్టేస్తుందని ఆ గదిలో పందేలు కాసేవారు. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ ఖరీదైన రికార్డులు వేస్తుంది. పూర్తిగా పాతపద్ధతిలో టేపు నుంచి నేరుగా చేసినవని నమ్మి వాటిని కొనేవారు. తయారీలో చాలా ఏళ్ళుగా డిజిటల్ మెట్టు ఒకటి ఉందని 2022లో బయటపడింది. కోర్టు కేసులు కూడా పడ్డాయి. అన్నాళ్ళూ ఆ రికార్డుల్ని నెత్తిన పెట్టుకున్నది చెవులున్న రసికులే. ఆ రికార్డులు బాగా వినపడ్డాయి కాబట్టే మెచ్చుకున్నారు, అందులో తప్పేముంది? తప్పల్లా ఫోన్‌లో వినేవాడికి చెవి లేదనడం.

కొనాలనుకునేవాళ్ళకి: ఇంట్లో పాత రికార్డులుంటే తప్పకుండా కొనండి. లేకపోతే తొందరపడొద్దు, ఫోనుకి ఒక మంచి స్పీకర్ కలుపుకుంటే చాలు, మీరేమీ తక్కువ శ్రోత కారు. ఫోనో ప్రీఆంప్ (సూది నుంచి వచ్చే సన్నని ధ్వనిని పెంచే భాగం) లోపలే ఉన్నది తీసుకుంటే వైర్ల గొడవ తగ్గుతుంది. 78లున్నవాళ్ళు మూడో స్పీడ్ ఉందో లేదో, విడి సూది దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి. సూది మార్చడం వాయిదా వెయ్యకండి, అరిగిన సూది గాడిని కోసేస్తుంది. యంత్రానికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు మూత కీలుకి తగ్గించాను, మూడేళ్ళకే విరిగింది.

మణికట్టు పట్టుకుని ఆపిన పెద్దాయన ఇప్పుడు మెట్లెక్కలేక గదికి వెళ్ళడం లేదు. పోయినేడాది ఫోన్ చేశారు. మా ఇంట్లో కింద గదే కాబట్టి నెలకోసారి వస్తున్నారు. మొదటిరోజు చంద్రకౌంస్ పాట మళ్ళీ పెట్టించుకుని, ఆ నిషాదం ఎక్కడొస్తుందో అమ్మకి వేలు పైకెత్తి చూపించారు. అమ్మ మూడోసారికి తనే వేలెత్తింది.

మేనకోడలు ఇప్పుడు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతోంది. ఆ రోజు అన్న మాటకి క్షమించమని అడిగాను. "పర్లేదత్తా" అంది, కానీ గుర్తులేదని అనలేదు. ఈమధ్య మళ్ళీ పాటలు పంపిస్తోంది. కొన్ని నచ్చుతున్నాయి, కొన్ని నచ్చడం లేదు, ఎందుకో చెప్తున్నాను, అది వాదిస్తోంది. ఈ ఆదివారం హాస్టల్ స్నేహితురాలిని తీసుకొస్తానంది. ఆ అమ్మాయికి హెవీ మెటల్ ప్రాణమట. నాకు దాని గురించి ఒక్క ముక్క తెలీదు. ఫోన్‌ని ఆంప్లిఫయర్‌కి కలిపే తీగ ఎక్కడో పడేశాను, వెతికి పెట్టుకోవాలి.