వృద్ధాప్యంపై పిహెచ్‌డి: జెరంటాలజీయా, జీవశాస్త్రమా?

లాస్ ఏంజెలెస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లెనార్డ్ డేవిస్ జెరంటాలజీ కళాశాల (స్థాపన 1975) వృద్ధాప్యంపై రెండు రకాల పిహెచ్‌డిలను అందిస్తోంది: ఒకటి వృద్ధాప్య జీవశాస్త్రంలో, మరొకటి జెరంటాలజీలో, అంటే వృద్ధాప్యాన్ని శారీరక, మానసిక, సామాజిక కోణాలన్నింటిలో అధ్యయనం చేసే శాస్త్రంలో.

వృద్ధాప్య జీవశాస్త్రం పరిధి స్పష్టమైనది. కణాలు విభజన ఆపి పేరుకుపోవడం, కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా బలహీనపడటం, మితాహారం ఆయుష్షును పెంచడం వంటి అంశాలను ఈస్ట్ మీద, ఎలుకల మీద ప్రయోగశాలలో పరీక్షిస్తారు. బయోటెక్నాలజీ చదివినవారికి ఇది సహజమైన దారి.

జెరంటాలజీ అంత సులభంగా ఒక చట్రంలో ఇమడదు. ఆదాయం, ఒంటరితనం, జ్ఞాపకశక్తి, కుటుంబ సంరక్షణ ఒకే మనిషి జీవితంలో ఎలా పెనవేసుకుంటాయో తెలియాలంటే వేలమందిని ఏళ్ల తరబడి అనుసరించే సర్వేలను విశ్లేషించాలి. అందుకు గణాంకశాస్త్రంలో గట్టి పట్టు తప్పనిసరి. ప్రయోగశాల లేదు కాబట్టి ఇది తేలిక అనుకోవడం పొరపాటు.

మన విద్యార్థులకు నేను దీనినే ముందుగా సూచిస్తాను. 45 ఏళ్లు, ఆపై వయసువారిపై 2017–18లో తొలి విడత జరిగిన భారత వృద్ధాప్య దీర్ఘకాలిక అధ్యయనంలో ఈ విశ్వవిద్యాలయం భాగస్వామి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాల సమాచారమూ అందులో ఉంది. పిల్లలు విదేశాల్లో స్థిరపడగా ఊళ్లలో మిగిలిన తల్లిదండ్రుల స్థితిని శాస్త్రీయంగా పరిశీలించడం మన సమాజానికి అత్యవసరం. అయితే కణం పనితీరు మీదే మనసు లగ్నమైనవారు జీవశాస్త్రాన్నే ఎంచుకోవాలి.