జోఫ్రేనా, ఒలివారెసా? 53 కిలోల బరువులో ఎవరు మేలు

మొన్న పొద్దున ప్రాక్టీస్ అయిపోయాక, చేతులకు చుట్టుకున్న పట్టీలు విప్పుకుంటూ మా పిల్లల్లో ఒకడు అడిగాడు: "అన్నా, ఎడర్ జోఫ్రే, రూబెన్ ఒలివారెస్... ఇద్దర్ల ఎవరు గట్టోడు?" మహబూబ్‌నగర్‌లో మాకున్నవి రెండు పంచింగ్ బ్యాగులు, అందులో ఒకటి కుట్లు ఊడింది. పిల్లలు మాత్రం ఫోన్లలో యాభై, అరవై ఏళ్ళ కిందటి ఫైట్లు వెతికి మరీ చూస్తున్నారు. ఒకరిది బ్రెజిల్, ఇంకొకరిది మెక్సికో, ఇద్దరూ ఒకప్పటి బాంటమ్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్లు. నేను వెంటనే జోఫ్రే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "ఒలివారెస్ నాకౌట్లు లెక్కపెట్టన్నా" అన్నాడు. లెక్కపెడితే వాడి మాటా తీసిపారేసేది కాదు. అందుకే కొంచెం తీరిగ్గా రాస్తున్నా.

బాంటమ్‌వెయిట్ అంటే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 118 పౌండ్లు, అంటే 53 కిలోల 500 గ్రాములు. బాంటమ్ అన్నది ఒక పొట్టి జాతి కోడి పేరు. చిన్నదే కానీ పోట్లాటలో తగ్గదు. జోఫ్రేను బ్రెజిల్ వాళ్ళు 'బంగారు కోడిపుంజు' అని పిలుచుకున్నారు. మా పాలమూరులో ఇంటర్ చదివే పిల్లలు చాలామంది ఇదే బరువులో ఉంటారు. హెవీవెయిట్ల కథలు ఎన్ని విన్నా, వీళ్ళు తమను తాము చూసుకునేది ఈ బరువులోనే. మన నిజామాబాద్ హుసాముద్దీన్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో ఈ బరువుకు దగ్గరే ఉన్న 56 కిలోల్లో కాంస్యం తెచ్చినప్పుడు మా దగ్గర సంబరం అందుకే.

ముందు ఒలివారెస్ గురించి చెప్పాలి, పిల్లవాడి మాట న్యాయమైనది కాబట్టి. మెక్సికో సిటీలో 1947లో పుట్టాడు. 1969 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న ఇంగిల్‌వుడ్‌లో, ఆస్ట్రేలియాకు చెందిన ప్రపంచ ఛాంపియన్ లయొనెల్ రోజ్‌ను ఐదో రౌండ్‌లో పడగొట్టి టైటిల్ తీసుకున్నాడు. 60కి పైగా ఫైట్ల దాకా ఆయనకు ఓటమి లేదు. జీవితం మొత్తం మీద దాదాపు 80 నాకౌట్లు. ఇంత చిన్న బరువులో అది మామూలు విషయం కాదు. 53 కిలోల మనిషి పంచ్‌కు ఎదుటివాడు తూలుతాడు, పాయింట్లు పోతాయి, కానీ లేవకుండా పడిపోవడం అరుదు. ఒలివారెస్ ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ, పక్కటెముకల కింద దిగితే మాత్రం మనిషి మడత పడిపోయేవాడు. వీడియో నెమ్మదిగా నడిపి చూడండి: ముందు కుడి చెయ్యి పైన ఆడిస్తాడు, ఎదుటివాడి మోచెయ్యి ఒక అంగుళం పైకి లేస్తుంది, ఆ అంగుళంలోనే పని అయిపోతుంది.

తోటి మెక్సికన్ చుచో కాస్టియోతో మూడు ఫైట్లు ఆడాడు. 1970 అక్టోబర్‌లో జరిగిన రెండోది కంటి దగ్గర తెగి 14వ రౌండ్‌లో పోగొట్టుకున్నాడు, ఆర్నెల్లలో మళ్ళీ గెలుచుకున్నాడు. 1972 మార్చిలో రఫాయెల్ హెరేరా ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. బాంటమ్‌లో ఆయన రాజ్యం అక్కడితో సరి. తర్వాత పై బరువైన ఫెదర్‌వెయిట్‌లోనూ రెండుసార్లు ఛాంపియన్ అయ్యాడు, రెండుసార్లూ ఎక్కువకాలం నిలవలేదు.

ఇక జోఫ్రే. 1936లో సావో పౌలోలో పుట్టాడు, తండ్రే కోచ్. మాంసం ముట్టని మనిషి. ఈ సంగతి చెబితే కోడికూర లేనిదే కండ రాదనుకునే మా పిల్లలు నోరు తెరుస్తారు. 1960 నవంబర్‌లో ఎలోయ్ సాంచెస్‌ను ఆరో రౌండ్‌లో పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు. అప్పట్లో యూరప్ వాళ్ళు బెల్‌ఫాస్ట్ కుర్రాడు జానీ కాల్డ్‌వెల్‌ను ఛాంపియన్ అనేవారు. అతనికి అప్పటిదాకా ఓటమి లేదు. 1962 జనవరిలో సావో పౌలోలో పదో రౌండ్‌లో అతని పనీ ముగించి, టైటిల్ ఒక్కటే, మనిషీ ఒక్కడే అనిపించాడు. ఆ తర్వాత అమెరికా, జపాన్, ఫిలిప్పీన్స్, కొలంబియా అంతా తిరిగి, ఎవరి ఊళ్ళో వాళ్ళనే కొట్టి వచ్చాడు. బాంటమ్‌లో ఆయన గెలిచిన ఒక్క ప్రపంచ టైటిల్ ఫైట్ కూడా జడ్జీల పాయింట్ల దాకా పోలేదు. నాకు ఇది నాకౌట్ల మొత్తం కంటే పెద్ద లెక్క. ఎందుకంటే ఒలివారెస్ పెద్ద ఫైట్లు ఎక్కువగా ఇంగిల్‌వుడ్‌లో, తన మెక్సికన్ జనం మధ్య జరిగాయి. జపాన్‌లోని నాగోయా వెళ్ళి అక్కడి బాక్సర్ కనజావాను 14వ రౌండ్‌లో ఓడించిన మాట నిజమే, కానీ అలాంటివి తక్కువ.

మా పిల్లవాడు ఇక్కడ ఒక లెక్క తీశాడు. జోఫ్రేను 1965లో జపాన్ బాక్సర్ హరాడా ఓడించాడు. హరాడాను 1968లో రోజ్ ఓడించాడు. రోజ్‌ను ఒలివారెస్ కొట్టాడు. "అంటే ఒలివారెసే పెద్దోడు కద అన్నా?" వినడానికి బాగుంది. కానీ అదే కాలంలో హోసె మెడెల్ అని ఒక మెక్సికన్ ఉన్నాడు. 1963లో అతను హరాడాను ఆరో రౌండ్‌లో ఆపేశాడు. ఆ మెడెల్‌ను జోఫ్రే రెండుసార్లు నాకౌట్ చేశాడు. మరి హరాడా జోఫ్రేను రెండుసార్లు గెలిచాడు. గొలుసు పట్టుకొని నడిస్తే తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తాం. ఒకడి ఆట ఇంకొకడికి కుదరదు, అంతే. ఆగకుండా మీదికి వచ్చే హరాడా, నిలబడి చోటు చూసుకొని కొట్టే జోఫ్రేకు ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. మొదటిసారి నాగోయాలో జడ్జీలు కూడా ఒక్క మాట మీద లేరు, మళ్ళీ 1966లో టోక్యోలో మాత్రం తేడా స్పష్టంగానే కనిపించింది. 78 ఫైట్లలో జోఫ్రే ఓడినవి ఆ రెండే, రెండూ ఒక్కడి చేతిలోనే, రెండూ పాయింట్ల మీదే.

అప్పటికే జోఫ్రేకు 118 పౌండ్లలోకి దిగడం నరకంగా ఉండేది. ఈ మాట విన్నప్పుడల్లా నా పదిహేడో ఏడు గుర్తొస్తుంది. సెలక్షన్‌కు 54 కిలోల్లోకి రావాలి. కోచ్ నీళ్ళు బంద్ చెయ్యమన్నాడు. స్వెట్టర్ మీద రెయిన్ కోటు వేసుకొని పిల్లలమర్రి రోడ్డు మీద పరిగెత్తాను. రాత్రంతా స్టీల్ గ్లాసులోకి ఉమ్ముతూ కూర్చున్నాను, నాలుక అట్టముక్కలా అయిపోయింది. పొద్దున తూకంలో పాసయ్యాను. రెండో రౌండ్‌లో ఎదుటివాడు పెద్దగా కొట్టకుండానే నా మోకాళ్ళు వంగిపోయాయి. అందుకే హరాడా ఫైట్లను చూపించి జోఫ్రేను తక్కువ చేస్తే నాకు కష్టంగా ఉంటుంది. హరాడా గొప్పతనం ఎక్కడికీ పోదు. కానీ ఎండిపోయిన శరీరంతో 15 రౌండ్లు నిలబడి, చివరిదాకా పోటీ ఇవ్వడం ఎంత పనో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అక్కడితో రిటైర్ అయినా సరిపోయేది. జోఫ్రే మూడేళ్ళు ఆగి తిరిగొచ్చాడు. ఈసారి బుద్ధిగా పై బరువుకు, ఫెదర్‌వెయిట్‌కు. 1973 మేలో, 37 ఏళ్ళ వయసులో, హోసె లెగ్రాను 15 రౌండ్లలో ఓడించి మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. తిరిగొచ్చాక చివరి ఫైట్ దాకా ఒక్కటీ ఓడలేదు. ఒలివారెస్ పై బరువులో గెలిచాడు, పోగొట్టుకున్నాడు. జోఫ్రే గెలిచాడు, ఓడకుండానే వెళ్ళిపోయాడు. నా తక్కెడ ఇక్కడే ఒకవైపు మొగ్గింది.

మెక్సికోకే చెందిన ఇంకో బాంటమ్ ఛాంపియన్ కార్లోస్ జరాటేను ఎందుకు కలపలేదని కొందరు అడుగుతారు. 66 విజయాల్లో 63 నాకౌట్లు, 1977లో ఓటమి ఎరుగని జమోరాను నాలుగో రౌండ్‌లో పడగొట్టిన తీరు, అన్నీ ఒప్పుకుంటా. కానీ పై బరువుకు వెళ్ళినప్పుడు ప్యూర్టో రికో బాక్సర్ గోమెజ్ చేతిలో కూలిపోయాడు. ఈ ఇద్దరి తర్వాతే ఆయన.

జోఫ్రే గురించి ఇంకొక మాట పిల్లలకు దాచకుండా చెప్పాను. 2022 అక్టోబర్‌లో 86 ఏళ్ళకు పోయాడు. చివరి ఏళ్ళలో, తలకు తగిలిన దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బుతో బాధపడ్డాడు. అంత బాగా కాచుకున్న మనిషికే అలా అయితే, గార్డ్ దించి మొహం అడ్డం పెట్టేవాడి సంగతేంటి? అప్పటి నుంచి మా దగ్గర స్పారింగ్, అంటే ఒకరితో ఒకరు కొట్టుకునే ప్రాక్టీస్, వారానికి ఒక్కరోజే.

నాకౌట్ నేర్చుకోవాలంటే ఒలివారెస్ ఎడమ చెయ్యి చూడమన్నాను. బాక్సర్ కావాలంటే జోఫ్రే ఫైట్లు మొదటి బెల్లు నుంచి చివరిదాకా చూడమన్నాను. పిల్లవాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ నిన్న తూకం మెషిన్ ఎక్కి, 55 కిలోల 800 చూసి, "తగ్గించాల్నా అన్నా?" అని అడిగాడు. వద్దు తమ్మీ, పైకి పో, మంచిగా తిను అన్నాను. వాడు దిగి, మూలనున్న నీళ్ళ క్యాన్ దగ్గరికి పోయి రెండు గ్లాసులు తాగాడు.