మారతహళ్లిలో నడకకు ఏది మేలు: రింగ్ రోడ్డా, లోపలి వీధా?

బెంగళూరులో మారతహళ్లి బ్రిడ్జి దగ్గర బస్సు దిగితే మా ఇంటికి రెండు దారులు. ఔటర్ రింగ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద పన్నెండు నిమిషాలు. పీజీలు, ఆంధ్రా మెస్‌లు ఉన్న లోపలి వీధుల్లో అయితే ఇంకో నాలుగు.

అనంతపురం నుంచి అమ్మ వచ్చినప్పుడు రెండిట్లోనూ నడిపించాను. రింగ్ రోడ్డు మీద అడుగు పెట్టగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పక్కనే నడుస్తున్నా "ఏమంటివిరా?" అని నాలుగుసార్లు అడిగింది. చెయ్యి చాపితే అందే మనిషితో కూడా గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే చప్పుడు సుమారు 85 డెసిబెల్స్ దాకా ఉన్నట్టే. వ్యాపార ప్రాంతాల్లో పగటి పరిమితి 65. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి రెట్టింపు మోతలా తోస్తుంది, ఇరవై పెరిగితే నాలుగు రెట్లు.

లోపలి వీధిలోకి తిరగగానే అమ్మ కొంగు దించేసింది. "ఇక్కడ గాలి బాగుందిరా" అంది. అప్పటికే ముందు కానుగ చెట్టు కింద ఊడ్చి పోసిన ఆకుల కుప్ప రగులుతోంది. మంట లేదు, సన్నటి పొగ. ఆకుల మధ్య పాల ప్యాకెట్లు ముడుచుకుపోతున్నాయి. దగ్గరికి వచ్చాక దగ్గు మొదలైంది.

చెవికి హాయిగా ఉంటే ముక్కు కూడా నమ్మేస్తుంది. పొగలో ఉండే పీఎం 2.5 అనే అతి సన్నటి కణాలు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. కంటికి కనబడవు, కొంగుకు ఆగవు. డీజిల్ వాసన కాసేపటికి అలవాటైపోతుంది, కానీ పొగ అలాగే ఉంటుంది. ఫోన్‌లో కనిపించే ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, కొలిచే స్టేషన్ దగ్గరి గాలిది, మన వీధి కుప్ప దాంట్లో ఉండదు. చలికాలం పొద్దున్నే ఎంత ప్రశాంతంగా ఉన్నా, చల్లగాలి పొగను నేలకు దగ్గరగా పట్టి ఉంచుతుంది. వాకింగ్‌కు కాస్త ఎండ వచ్చాక వెళ్లడమే మంచిది.

అయినా నా ఓటు లోపలి వీధికే. బండ్ల పొగ రోడ్డు అంచున బాగా చిక్కగా ఉంటుంది, దూరం జరిగేకొద్దీ పలచబడుతుంది. పైగా అమ్మకు బీపీ. రోజూ ఆ మోతలో నడిస్తే అది ఇంకా పెరుగుతుందని నా భయం. నాలుగు నిమిషాలు ఎక్కువైనా ఫర్వాలేదు. కుప్ప కాలే రోజు మాత్రం ముందు సందులోంచి తిప్పి తీసుకొస్తున్నాను.