అరకు సైకిలు యాత్రకు టైర్లు మారుస్తున్నారా? ఒకటిన్నర అని మాత్రం అడగకండి

విశాఖలో మౌంటెన్ బైకు తొక్కేవాళ్లు, ముఖ్యంగా చలికాలంలో అరకు వెళ్లాలనుకునేవాళ్లు ఇది చదివాకే టైర్లు కొనండి. నేను రెండు రోజుల్లో రెండు జతల టైర్లు కొన్నాను. అయినా అరకు చేరలేదు.

నాది పాత 26 అంగుళాల చక్రాల బండి. దానికి గుబ్బల టైర్లు ఉండేవి. మట్టి దారిలో అవి బాగానే పట్టుకుంటాయి కానీ, తారు రోడ్డు మీద ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందుకని నున్నటి టైర్లు వేద్దామనుకున్నాను. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. తడి రోడ్డు మీద జారిపోతాయేమో అని కొందరు భయపడతారు. మన సైకిలు వేగానికి టైరు కింద నీరు నిలిచేంత పరిస్థితి రాదు. తారు మీద పట్టు ఇచ్చేది రబ్బరే, గుబ్బలు కావు. నిజంగా జారేది బీచ్ రోడ్డు మలుపుల్లో పేరుకునే ఇసుక మీద, వానకు తడిసిన తెల్ల గీతల మీద.

శనివారం వేకువన ప్రయాణమైతే గురువారం సాయంత్రం కొనడానికి వెళ్లాను. మొదటి తప్పు అక్కడే. ఊళ్లో ఏళ్లుగా నడుస్తున్న దుకాణం, పేరు చెప్పను. "26కి ఒకటిన్నర నున్నటి టైర్లు ఇవ్వండి" అన్నాను. కాగితం చుట్టిన జత ఇచ్చారు. బిల్లు అడగలేదు. రెండో తప్పు అది.

శుక్రవారం రాత్రి చక్రం విప్పి ఎక్కించబోతే టైరు రిమ్ము చుట్టూ గాజులా తిరుగుతోంది! దాని మీద 26 × 1½ అని ఉంది. నాకు కావలసింది 26 × 1.50. లెక్కల మాస్టారు రెండూ ఒకటే అంటారు. సైకిలు లోకంలో కావు. భిన్నంలో రాసిన 1½ టైరు అంచు కూర్చునే వ్యాసం 584 మిల్లీమీటర్లు, దశాంశంలో రాసిన 1.50 టైరుకు 559. తేడా 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం వదులు. 26 × 1⅜ అని ఇంకో రకం ఉంది, దానికి 590. 26 అన్న అంకె ఒకటే, లోపల రిమ్ములు మూడు. పాలవాళ్లు తొక్కే పెద్ద సైకిళ్ల 28 × 1½ టైరుకైతే ఏకంగా 635.

కాబట్టి అంగుళాల మాట వదిలేయండి. మీ పాత టైరు పక్కన చిన్న అక్షరాలతో 50-559 వంటి జంట సంఖ్య అచ్చువేసి ఉంటుంది. టైర్ల ప్రమాణాల సంస్థ పేరుతో దాన్నే ఈటీఆర్‌టీఓ కొలత అంటారు. మొదటిది వెడల్పు, రెండోది వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. రెండో సంఖ్య అచ్చంగా కలవాలి. 27.5 అంగుళాల బండికి అది 584, 29కి 622. ఫోనులో దాని ఫొటో తీసుకుని వెళ్లండి. వెడల్పు మాత్రం మార్చుకోవచ్చు. అరకు దారిలో అక్కడక్కడా గులకరాళ్లు ఉంటాయి కనుక వెడల్పు 1.5 నుంచి 1.75 అంగుళాల మధ్య ఉంటే నడుముకు సుఖం. వేగం కోసం అంతకంటే సన్ననివి వేస్తే మౌంటెన్ బైకు వెడల్పాటి రిమ్ము గుంతల్లో దెబ్బతింటుంది.

కథకు వస్తే, దుకాణం మూసేలోపు పరుగెత్తాను. "ఒకటిన్నర అన్నారు, ఒకటిన్నరే ఇచ్చాను కదండీ. విప్పిన సరుకు తీసుకోము" అన్నారాయన. పైగా, "మీరు తెలిసినవారు, తగ్గించి ఇస్తాను" అంటూ షట్టరు పక్కన వేలాడుతున్న 40-559 జత దింపారు. కొలత సరిపోయింది. తొందరలో వంచి చూడలేదు. ఎండకు ఎన్నాళ్లు వేలాడిందో గానీ, పక్క రబ్బరు నిండా సన్నని పగుళ్లు. ట్యూబులు పాతవే ఉంచి బిగించారు. అవి 1.95 అంగుళాలు పైబడిన వెడల్పుకు చేసినవి. ఆపైన కంప్రెసరుతో రాయిలా గాలి కొట్టారు. టైరు మీద గాలి ఒత్తిడి 65 పీఎస్‌ఐ మించరాదని ఉంది, మీటరు చూసినవారు లేరు. నేనూ చూడలేదు.

కొత్తవలసలో మొదటి పంక్చరు. విప్పితే ట్యూబు లోపల మడతపడి, ఆ మడత దగ్గరే చిట్లింది. అతుకు వేసి బయలుదేరాం. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుండగా వెనుక చక్రం తిరిగినప్పుడల్లా కుదుపు. దిగి చూస్తే టైరు పక్కన బూరెలా ఉబ్బి ఉంది. గాలి తీసేలోపే పేలింది. మా బావమరిది పది రూపాయల నోటు మడిచి లోపల పెట్టి చూశాడు. చిన్న చీలికైతే అది నిలుస్తుంది, మాది నాలుగు వేళ్లంత. సంత నుంచి వస్తున్న జీపు ఎక్కి శృంగవరపుకోటకు దిగాం. ఎక్కుతున్నప్పుడు పేలింది కాబట్టి ఇలా రాస్తున్నాను. అదే టైరు దిగుతున్నప్పుడు మలుపులో పేలి ఉంటే?

మీరైతే ప్రయాణానికి కనీసం వారం ముందు టైర్లు మార్చండి. రబ్బరును వంచి వెలుతురులో చూడండి. ట్యూబు పెట్టె మీది వెడల్పు చదవండి. ఒకసారి భీమిలి దాకా తొక్కి రండి. లోపముంటే మీ ఊళ్లోనే బయటపడుతుంది.

బిల్లు మీద కొలత రాయించుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోనని మొండికేసినా అంతే. 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. చేతిలో కాగితం ముక్క లేని నాకు ఆ దారి కష్టమే.

ఆ మొదటి జత ఇంకా మా వరండాలో మేకుకు వేలాడుతోంది, నీడలోనే. 584 రిమ్ము ఉన్నవారెవరికైనా కావాలంటే సగం ధరకు ఇస్తాను. ముందు మీ పాత టైరు మీద నంబరు చదివి చెప్పండి.